ఒలిచి వడ్డించిన పీత

పీత డెక్క విరిగేటప్పుడు టక్కున చప్పుడు రావాలి. వచ్చిందంటే లోపలి కండ చెదరకుండా వేలంత ముక్కగా ఊడి వస్తుంది. సాయిప్రసన్న పెరటి వసారాలో పీట వేసుకుని కూర్చుని, ఒక్కో డెక్కనీ చిన్న రోకలితో తట్టి, చిట్లిన పెంకుని గోటితో తొలగించి, తెల్లటి కండని పళ్ళెంలో వేస్తోంది. పెళ్ళినాటి గోరింటాకు ఇంకా వేళ్ళని వదల్లేదు. ఎర్రటి వేళ్ళ మధ్య తెల్లటి కండ చూసుకుంటే తనకే ముచ్చటగా ఉంది.

పొద్దున్నే జ్ఞానమ్మ తెచ్చిన మండపీతలు అవి. ఆమె భర్త ఎజ్రా మడ అడవి పాయల్లో బోనులు వేసి పట్టాడు. డెక్కలు తాళ్ళతో బిగించి, వెదురు తట్టలో ఏటినీళ్ళతో తడిపిన గోనె పరిచి, దాని మీద పేర్చి తెచ్చింది జ్ఞానమ్మ. "చూసుకోండి అమ్మాయిగారూ, ఒక్కటీ చచ్చింది లేదు" అంటూ ఒక్కోదాని కంటి మీద వేలు పెట్టి, ఆ కళ్ళు లోపలికి ముడుచుకోవడం చూపించి మరీ ఇచ్చింది.

సగం పీతలు పచ్చివే శుభ్రం చేసి ఇగురులోకి పోయాయి. మిగతా సగం పెద్ద డేగిసాలో ఉడికించారు. నీళ్ళు వార్చడానికి అంత పెద్ద చిల్లుల గిన్నె ఇంట్లో లేదు.

"ఆ తట్ట ఉందిగా అమ్మా. అందులో గుమ్మరించెయ్. గోనె కూడా ఉంది, చేతులు కాలవు" అని ప్రసన్నే చెప్పింది. లక్ష్మి కూతురి తెలివికి నవ్వి అలాగే చేసింది.

పీతని పెంకుతో వడ్డించి వియ్యాలవారి చేత కొరికించడం ఆ ఇంట్లో మర్యాద కాదు. కొత్త అల్లుడికీ, అతని తరఫువాళ్ళకీ ఒలిచిన కండే పడాలి విస్తట్లో. ముమ్మిడిలంకలో అల్లుడు పీత డెక్క కొరుక్కున్నాడంటే ఆ మాట ఏడాది తిరిగినా ఊళ్ళో నలుగుతూనే ఉంటుంది.

మూడు నిద్రలకి వచ్చిన ఆ కొత్త అల్లుడు ఉదయ్‌భాస్కర్ పిల్లిలా వసారాలోకి వచ్చి పళ్ళెం మీదికి చెయ్యి చాచాడు.

"ఒక్క ముక్క."

"పొండి అవతలికి. పంక్తిలో వడ్డిస్తాను."

"పంక్తిలో అయితే మా మావయ్య నా విస్తట్లోది లాగేసుకుంటాడు. ఇప్పుడైతే వేడిగా ఉంది."

రోకలి ఎత్తి చూపించింది. "అల్లుడుగారు వంటింట్లో దొంగతనం చేశారని మా పెదనాన్నకి చెప్పనా?"

"వద్దులే. మీ పెదనాన్న ముందు శిక్ష వేసి తర్వాత కారణం అడిగేలా ఉన్నారు" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వు వెళ్ళాక కూడా కాసేపు వసారాలోనే ఉన్నట్టనిపించింది ప్రసన్నకి. ఇంకా కండ ఒలిచింది. కావలసినదానికన్నా ఎక్కువే ఒలిచింది.

తుని నుంచి రావలసిన అత్తవారి కార్లు దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. ఎండ ముదిరింది. ఒలిచిన కండ మీద గుడ్డ కప్పి వసారాలోనే ఉంచారు. కార్లు గుమ్మంలో ఆగాకే లక్ష్మి తాలింపు పెట్టింది. ఎక్కువసేపు వేపితే కండ పీచులా అయిపోతుందని, ఉల్లిపాయ మగ్గగానే పొయ్యి ఆపేసి, అందులో కండ వేసి, మిరియాలపొడి చల్లి, ఒక్కసారి కలిపి దించేసింది.

మొదటి పంక్తిలో అల్లుడు, అతని అమ్మా నాన్నా, మావయ్య, వాళ్ళతో వచ్చినవాళ్ళు, ఊరి సొసైటీ ప్రెసిడెంటు. ప్రసన్న స్వయంగా వడ్డించింది. వద్దంటున్నకొద్దీ వేసింది. రెండో పంక్తికి సొంతవాళ్ళు కూర్చునేసరికి గిన్నె అడుగు తేలింది. పంక్తి మొదట్లో కూర్చున్న పెదనాన్న వెంకటరత్నం ఆమె చేతిలోని ఖాళీ గిన్నె వంక చూశాడు, తన విస్తట్లోకి చూసుకున్నాడు, పెంకుతో ఉన్న ఇగురు కలుపుకున్నాడు. మనవాళ్ళేగా అనుకుంది ప్రసన్న.

*

వియ్యాలవారిని ఎండబడి వెనక్కి పంపడం ఇష్టంలేక వెంకటరత్నం తన మేడ మీద పడకలు వేయించాడు. తెల్లవారేసరికి ఆ మేడంతా మూలుగులు. ముందు అత్తగారు, తర్వాత మావయ్య, ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నారు. విరేచనాలు నీళ్ళలా పోతున్నాయి. ఇక్కడ ప్రసన్న వాళ్ళింట్లో ఉదయ్‌భాస్కర్ గోడ పట్టుకుంటూ బాత్రూంలోంచి వచ్చి, "నీ వడ్డన గట్టిగానే పట్టేసిందోయ్" అని నవ్వబోయి గుమ్మంలోనే కూలబడ్డాడు.

అమలాపురంలోని ఆసుపత్రిలో ఒకే వరసలో మంచాలు దొరికాయి. సెలైన్ ఎక్కుతున్న అత్తగారు కళ్ళు సగం తెరిచి లక్ష్మిని చూసింది.

"వదినగారూ, మావాణ్ణి అల్లుణ్ణి చేసుకున్నారా, బలిచ్చేద్దామనుకున్నారా?"

"అంత మాటనకండి వదినగారూ..."

"అంటానండి. మా ఇంట్లో తరతరాలుగా ఎవరికీ ఇలాంటి రోగం లేదు. మీ గుమ్మం తొక్కి ఒక్క పూట తిన్నాం." గొంతు తేలిపోయింది. మళ్ళీ కూడదీసుకుంది. "ఆ పిల్లని నా ఎదట నిలబడొద్దనండి. చూస్తే కడుపులో తిప్పుతోంది."

ప్రసన్న వరండాలోకి వచ్చేసింది. నాన్న గున్నేశ్వరరావు అక్కడే గోడకి ఆనుకుని, కండువాతో మొహం తుడుచుకున్న చోటే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు. వెంకటరత్నం మెట్లెక్కి వచ్చాడు. ఆయన మేడ మీద పడుకున్న చుట్టాలు ఇలా అయిపోవడం ఆయనకి తలకొట్టేసినట్టుంది. తమ్ముడి వంక చూడకుండానే అడిగాడు:

"ఆ పీతలు తెచ్చిందెవర్రా?"

ఆ ప్రశ్న వినగానే వరండాలో అందరి ప్రాణాలూ కాస్త కుదుటపడ్డాయి. గున్నేశ్వరరావు కండువా భుజాన వేసుకున్నాడు. "జ్ఞానమ్మ అన్నయ్యా" అన్నాడు, ఆ పేరు చెప్పడంతో తన బరువు దించుకున్నట్టుగా.

బట్టలు తెద్దామని ప్రసన్న ఊరొచ్చేసరికి రేవు దగ్గర జనం మూగి ఉన్నారు. ఎజ్రా పడవలోని బోనులు గట్టు మీద విరిగి పడున్నాయి. వలతాళ్ళు కోసేసి ఉన్నాయి. అమ్మకానికి తెచ్చిన పీతలు తట్టలోంచి బోర్లపడి, కట్టేసిన డెక్కలతో బురదలో దేకుతున్నాయి. ఎవరో ఒకదాన్ని చెప్పుతో తొక్కారు.

"చచ్చిన పీతలు అంటగట్టి పెద్దింటివాళ్ళని మంచాన పడేశావే" అంటున్నాడు వెంకటరత్నం.

"చచ్చినవి కావండి. కళ్ళు ముట్టుకుని చూపించానండి." జ్ఞానమ్మ కొంగు బిగించుకుని నిలబడింది. "అదుగో అమ్మాయిగారొచ్చారు. ఆరిని అడగండి."

అందరూ తిరిగి చూశారు.

"బతికున్నవే పెదనాన్నా" అంది ప్రసన్న.

"నువ్వు నోర్ముయ్. మొగుడు సెలైన్ మీద ఉంటే పీతల తరఫున సాక్ష్యం చెప్పడానికొచ్చావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రసన్న తల దించుకుంది. వెంకటరత్నం చెప్పేశాడు: ఆదివారం పెద్దలు కూర్చుంటారు. అందాకా పడవ కదలకూడదు. ఆ తర్వాత ఎజ్రా పడవ ఈ రేవులో కట్టడానికి వీల్లేదు. పోలీసు కంప్లయింటు సంగతి కూడా అప్పుడే.

"రేవు లేకపోతే మేమెక్కడికి పోవాలండి?" అని ఎజ్రా ఒక్కడే అడిగాడు. మెల్లగా, దారి అడిగినట్టు.

*

జిల్లా ఆరోగ్యశాఖ నుంచి డాక్టర్ హారతి జీపులో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎండకి వాడిన మొహం, మాట్లాడితే పుల్ల విరిచినట్టు. ఆసుపత్రిలో నమూనాలు తీసుకుంది. ఊళ్ళో ఇంటింటికీ తిరగాలంది. ఎవరూ తలుపు సరిగ్గా తియ్యలేదు. "మాకేం రోగం లేదండి" అన్నారు, చివాట్లు పెట్టినట్టు. ఒకావిడ వాకిట్లో కళ్ళాపి చల్లుతూ డాక్టరు కాళ్ళ మీదికి చల్లింది, పొరపాటున అన్నట్టు. చివరికి హారతి ప్రసన్న దగ్గరికొచ్చింది.

"నువ్వు కూడా రా. నీ మొహం చూస్తే గుమ్మంలోకైనా రానిస్తారు."

"ఇప్పుడు నా మొహం చూసినా రానివ్వరండి."

"అయినా రా. ఇద్దర్నీ కలిపే తిడతారు."

ఆ మాటకి ప్రసన్నకి మూడురోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

హారతి దారిలో విడమరిచి చెప్పింది. ఇది విబ్రియో అనే సూక్ష్మజీవి పని. సముద్రం కలిసే ఉప్పునీళ్ళలో దాని మానాన అది ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే మరీ పెరుగుతుంది. పీతలోనూ ఉంటుంది, గుల్లలోనూ ఉంటుంది, రొయ్యలోనూ ఉంటుంది. బాగా ఉడికిస్తే చస్తుంది. "అందుకే ఎవరు ఏం తిన్నారన్నది నాకు ముఖ్యం. జబ్బుపడ్డవాళ్ళందరూ తిన్నది, పడనివాళ్ళు తిననిది ఒకటి ఉంటుంది. అది దొరికితే చాలు."

దొరకలేదు. జబ్బుపడ్డవాళ్ళందరూ ఒలిచిన కండ తిన్నామన్నారు. జబ్బుపడని రెండో పంక్తివాళ్ళూ తిన్నామన్నారు. కొబ్బరితోట పనివాళ్ళు మాత్రం తమకి ఇగురే పెట్టారని చెప్పారు. వాళ్ళకీ ఏమీ కాలేదు.

వెంకటరత్నం పడక్కుర్చీలోంచి లేవకుండానే జవాబిచ్చాడు. "తినకపోవడమేంటండి? ఒలిచింది ముందు నాకే పడింది. తమ్ముడి కూతురు దగ్గరుండి వడ్డించింది. మా ఒళ్ళు గట్టిది కాబట్టి తట్టుకుంది."

ప్రసన్న ఆయన వంక చూసింది. ఆయన ఆమె వంక చూడలేదు.

తర్వాత బాబాయి గణేష్‌బాబు ఇల్లు. నాన్నకి వరసకి తమ్ముడు, నవ్వుతూ మాట్లాడే మనిషి. "అబ్బో, తిన్నానండి. ఒలిచిన కండలో లేత కొబ్బరి వేసి మా వదిన ఎలా చేసిందనుకున్నారు! రెండుసార్లు వేయించుకున్నాను."

కొబ్బరి.

ప్రసన్న అరుగు మీద అలాగే ఉండిపోయింది. అందులో కొబ్బరి లేదు. ఉల్లిపాయా, మిరియాలూ అంతే. బాబాయి దాన్ని కంటితో కూడా చూడలేదు. పెదనాన్న చూసింది ఖాళీ గిన్నె. రెండో పంక్తిలో ఒక్క విస్తట్లోనూ ఒక్క ముక్క పడలేదు. సొంతింటి విందులో మొదటి మర్యాద తమకి దక్కలేదని డాక్టరు ముందు ఒప్పుకునేకంటే, విషం తిని అరిగించుకున్నామని చెప్పుకోవడమే వాళ్ళకి నయం.

బయటికొచ్చాక హారతి విసుగ్గా పెన్ను మూత పెట్టింది. "మీ ఊళ్ళో అందరూ అన్నీ తిన్నారు. ఇలాంటి ఊరు నేనెక్కడా చూడలేదు. అందరూ అన్నీ తింటే ఇంక పీతల్ని, పట్టినవాళ్ళని అనుమానించాల్సిందే. ఆ పాయలో వేట ఆపమని రాయడం తప్ప నాకు దారి లేదు."

"అందరూ తినలేదండి" అంది ప్రసన్న. "మొదటి పంక్తికే సరిపోయింది. వడ్డించింది నేను."

హారతి ఆగింది. "ఆ కండ ఎవరు ఒలిచారు?"

"నేనే."

"ఉడికాక పీతల్ని దేంట్లో వార్చారు?"

ప్రసన్నకి కళ్ళముందు వసారా కనిపించింది. పొగలు కక్కుతున్న డేగిసా, దాని కింద తట్ట, తట్టలో జ్ఞానమ్మ పరిచిన తడి గోనె. చెప్పింది.

హారతి మెత్తగానే అంది: "పచ్చి పీతల నీళ్ళు పీల్చుకున్న గోనె. ఉడికి శుభ్రమైనవాటిని తెచ్చి మళ్ళీ అందులోనే వేశారు. అక్కణ్ణుంచి నీ చేతులకి, నీ చేతుల్నుంచి కండకి. దాన్ని ఈ ఎండవేడికి అంతసేపు ఉంచి, వేపకుండా కలిపి పెట్టారు." పెన్ను మూత మళ్ళీ తీసి, "ఇగురు పచ్చి పీతతో మొదలుపెట్టి పొయ్యి మీదే ఉడికింది, ఎవరికీ ఏమీ కాలేదు. మీరు ఎవర్ని బాగా చూసుకున్నారో వాళ్ళే పడ్డారు" అంది.

*

"అన్నకి పెట్టలేదని ఊళ్ళో చాటుతావా?" గున్నేశ్వరరావు అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. "నీ పెళ్ళికి ఆయన పెద్దరికం తీసుకుని నిలబడ్డాడు. ఆయన తిన్నానన్నాడు. పెట్టామని నేనూ అన్నాను. నువ్వు కాదంటే ఆయన జన్మలో నా గుమ్మం తొక్కడు."

"ఎజ్రా పడవ నాన్నా."

"వాళ్ళు యానాం పోయి కట్టుకుంటారు."

లక్ష్మి కూతురి దగ్గరికొచ్చి చెంప నిమిరింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "మీ అత్తగారికి ఏం చెప్తావే? నా చేత్తోనే మీకిది తగిలిందని చెప్తావా? ఎలా బతుకుతావు ఆ ఇంట్లో?"

ప్రసన్న పెరట్లోకెళ్ళి ఉదయ్‌భాస్కర్‌కి ఫోన్ చేసింది. అతని గొంతు బాగా తేరుకుంది. కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వడం లేదని, నర్సు సూది గుచ్చినప్పుడల్లా "కొత్త పెళ్ళికొడుకా?" అని నవ్వుతోందని చెప్పాడు. ఆమె అంతా చెప్పింది.

"ఉన్నారా?"

"ఉన్నాను. ప్రసన్నా, అమ్మ ఇంకా మంచం దిగలేదు. ఒలిచింది నువ్వని మాత్రం చెప్పకు. వంటమనుషులు ఒలిచారని చెప్పు. అదేం పెద్ద అబద్ధం కాదు."

"మా ఇంట్లో వంటమనుషులు లేరండి. రేపు ఇంకెవరి పేరైనా అడుగుతారు. అప్పుడు ఏదో ఒక పేరు చెప్పాలి. చెప్పాక ఆ మనిషి ఇంటికెళ్తారు."

"నీకు మా అమ్మ తెలీదు."

"మీకు మా పెదనాన్న తెలీదు."

ఇద్దరికీ నవ్వు రాలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, ఉంటానని చెప్పకుండానే అతను ఫోన్ పెట్టేశాడు. ప్రసన్న చీకటి పడేదాకా ఆ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. మళ్ళీ మోగుతుందేమోనని. మోగలేదు.

*

ఆదివారం పొద్దున వెంకటరత్నం ఇంటి ముందు షామియానా వేశారు, పెళ్ళికి వేసినట్టే. పెద్దలకి కుర్చీలు. జ్ఞానమ్మా, ఎజ్రా గేటు బయట ఎండలో నిలబడ్డారు. ఎవరో వాళ్ళని నీడలోకి రమ్మనబోతే వెంకటరత్నం కనుబొమ్మ ఎగరేశాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

హారతి వచ్చి కూర్చోకుండానే చెప్పింది. ఆసుపత్రి నమూనాల్లో విబ్రియో తేలింది. పీతలు బతికున్నవే. జబ్బు వచ్చింది పీతలు తెచ్చినవాళ్ళ తప్పువల్ల కాదు, ఒలిచిన కండ దగ్గర జరిగిన పొరపాటువల్ల.

"అదెలా అవుతుందండి?" వెంకటరత్నం తొడ మీద చరిచాడు. "ఒలిచింది మేమందరం తిన్నాం. నేను తిన్నాను. గణేష్‌బాబు తిన్నాడు. మాకేమైంది? తప్పు కండలో ఉంటే మాకూ రావాలిగా?"

కుర్చీల్లో తలలూగాయి. న్యాయంగానే ఉంది ఆ మాట. హారతి ప్రసన్న వంక చూడలేదు. ఆవిడ తన పేరు బయటపెట్టదని ప్రసన్నకి అర్థమైంది.

లేచి నిలబడింది. కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడ్డాయి.

"పెదనాన్నా, మీ విస్తట్లో నేను వెయ్యలేదు."

"ఏంటీ?"

"ఒలిచింది అల్లుడి పంక్తికే సరిపోయింది. మీ దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో లేదు. మీరు చూశారు కూడా. మీకే కాదు, రెండో పంక్తిలో ఎవరికీ వెయ్యలేదు. బాబాయి తిన్నదాంట్లో కొబ్బరి ఉందన్నాడు. అసలు కొబ్బరే వెయ్యలేదు." ఒకసారి గేటు వైపు చూసింది. "వార్చడానికి పచ్చి పీతల తట్ట వాడమన్నది నేను. ఒలిచింది నేను. వడ్డించింది నేను. మా ఆయన మంచాన పడింది నా చేతి మీదుగానే. జ్ఞానమ్మ నాకు బతికున్న పీతలిచ్చింది."

గున్నేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. గణేష్‌బాబు చెప్పుల వంక చూసుకుంటున్నాడు. గేటు బయట ఎజ్రా ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ వెనక్కి వేశాడు.

వెంకటరత్నం మొహంలో రక్తం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరింది. జ్ఞానమ్మ ఆయనకి గుర్తులేదు. విబ్రియో గుర్తులేదు. ఆసుపత్రిలో మంచాలు గుర్తులేవు.

"అంటే..." అన్నాడు, ఒక్కో మాటా నమిలి. "అల్లుడి మేనమావకి మారు వడ్డించి, నాకు పెంకులు పెట్టారన్నమాట."

"అన్నయ్యా..." అన్నాడు గున్నేశ్వరరావు.

"నిన్ను పెంచిన చెయ్యిరా ఇది." ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఊరందరి ముందూ నీ కూతురు చెప్పింది, నాకు పెట్టలేదని. చాలు. ఇంక మీకూ నాకూ ఏమీ లేదు."

"మరి రేవు సంగతి?" అని హారతి అడిగింది.

ఆయన విసురుగా చెయ్యి ఊపాడు, ఈగని తోలినట్టు. "రేవేంటి, ఎవడిక్కావాలి రేవు? కట్టుకోమనండి." లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఎవరూ జ్ఞానమ్మతో ఏమీ అనలేదు. విరిగిన బోనుల మాట ఎవరూ ఎత్తలేదు. కుర్చీలు మడతపెట్టే చప్పుడు మాత్రం వినిపించింది.

*

ఆ వారమంతా ప్రసన్న వాళ్ళింటి గుమ్మంలోకి ఎవరూ రాలేదు. పాలు పోసే మనిషి గేటు దగ్గరే చెంబు పెట్టి వెళ్ళిపోయాడు. అత్తగారు ఇంటికి చేరాక ఒకసారి ఫోన్ చేసింది. "మా ఇంటికొచ్చాక వంటింట్లోకి రానక్కర్లేదు. ముందు చేతులు కడుక్కోవడం నేర్చుకో" అని పెట్టేసింది. ఉదయ్‌భాస్కర్ మాత్రం సాయంత్రం వాట్సాప్‌లో ఒక్క లైను పంపాడు: "వేడిగా ఉన్నప్పుడే ఒక ముక్క పెట్టుంటే సరిపోయేది." ప్రసన్న దాన్ని చదివి, మళ్ళీ చదివి, తల మీదుగా దుప్పటి కప్పుకుని నవ్వుకుంది. ఏడ్చింది కూడా.

ఆ మర్నాడు జ్ఞానమ్మ పీతల తట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో కనిపించింది. ప్రసన్న గేటు దగ్గరికి పరుగెత్తింది.

"జ్ఞానమ్మా! ఎవరింటికి?"

"మీ పెదనాన్నగారింటికండి. రెండు తట్టలు తెమ్మన్నారు. ఊరందరికీ విందంట." ఆగి చూసింది. "మీ ఇంటికి పిలుపు లేదంట కదా."

"లేదు."

"తెలుసండి. అందుకేనంట ఈ విందు." జ్ఞానమ్మ మొహంలో నవ్వూ లేదు, జాలీ లేదు. "మా ఆయన బోనులు ఇంకా కట్టుకుంటున్నాడు. మీరు రేవు దగ్గరే ఆ మాట గట్టిగా చెప్పుంటే విరిగేవి కావు."

ప్రసన్న గేటు పట్టుకుని నిలబడి అంది: "నిజమే. అప్పుడు భయపడ్డాను." తర్వాత తట్ట వంక చూసి, "ఒలిచి వడ్డిస్తారా అక్కడ?"

"ఒలవకుండానా? ఈసారి ముందు అయ్యగారి విస్తట్లోనే పడాలంట. మేడంతా అదే మాట."

"ఉడికాక ఈ తట్టలో మాత్రం వెయ్యొద్దని చెప్పు జ్ఞానమ్మా."

"నేనా?" జ్ఞానమ్మ తట్ట సర్దుకుంది. "నా పీతల్లో ఏదో ఉందని నా నోటితో నేనే చెప్పాలా అమ్మా? చెప్తే మళ్ళీ నా మీదికే వస్తారు. మీరే చెప్పుకోండి." వెళ్ళిపోయింది.

ప్రసన్న లోపలికెళ్ళి కాళ్ళకి చెప్పులు వేసుకుంది. అమ్మ ఎక్కడికని అడిగితే చెప్పలేదు. వీధి గుమ్మంలోంచి వెళ్తే గేటులోనే ఆపేస్తారు. కాలవ గట్టు మీదుగా తిరిగి, అరటిచెట్ల మధ్యనుంచి పెదనాన్నగారి పెరటి తలుపు దగ్గరికొచ్చింది.

పెరట్లో పెద్ద పొయ్యి మీద డేగిసా మరుగుతోంది. ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆమెని చూడగానే కత్తిపీటల చప్పుడు ఆగింది. గరిటె పట్టుకుని నిలబడ్డ పెదమ్మ, చిన్నప్పుడు ఆమెని చంకనెత్తుకుని ఈ పెరడంతా తిప్పిన మనిషి, మొహం గట్టిగా పెట్టుకుంది.

"పిలవని ఇంటికి ఎందుకొచ్చావే?"

"పీతలు ఉడికేదాకా ఉందామని పెదమ్మా."

"ఆయన చూశారంటే గొడవైపోద్ది. ఉడికాక వెళ్ళిపోతావుగా?"

ప్రసన్న చెప్పులు విడిచి, చేతులు కడుక్కోవడానికి పంపు వైపు నడిచింది.

"ఉడికాక కూడా ఉంటాను."